గంగమ్మ వంతు

బోడసకుర్రు,
రౌద్రి సంవత్సరం, శ్రావణ మాసం.

సత్తియ్యా,

బతికే ఉన్నావట. సంతోషం.

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో పంతులుగారు నేర్పిన పద్ధతులన్నీ నాకు గుర్తే. ఇరవై తొమ్మిదేళ్ళుగా మాటల్లేని తమ్ముడికి ఏ పద్ధతిలో రాయాలో మాత్రం ఆయన చెప్పలేదు. చెప్పినా ఆ రోజున నువ్వెలాగూ పాఠంలో ఉండి ఉండవు. నాన్న మనిద్దర్నీ ఒకే అరుగు మీద కూర్చోబెడితే నువ్వు వెనకనుంచి దిగి తోలుబొమ్మలాటకి పోయేవాడివి. పడవలు కట్టేవాడి కూతురికి చదువెందుకని అప్పుడు నవ్విన ఊరే ఇప్పుడు నా చేత అర్జీలు రాయించుకుంటోంది.

కోరంగి సరంగు మాణిక్యాలరావు కొబ్బరికాయల కోసం వచ్చి నీ కబురు చెప్పాడు. "కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవు పక్కన మన గోదారాయన ఒకరున్నారండి. బొగ్గుతారు కాచి, అడుగున మిగిలిన కీలు తీస్తారండి. కుదిరిందో లేదో కొరికి చూస్తారండి. ఆయ్, పళ్ళతోనేనండి!" అన్నాడు. గుగ్గిలం కొరికి నాన్న చేత తన్నులు తిన్నవాడు మన రేవులో నువ్వొక్కడివే. అలా పోల్చాను.

పని ఉండి రాస్తున్నాను. ప్రేమ అనుకోకు.

మా అమ్మాయి పోయాక దాని కొడుకు గంగాధరాన్ని నేనే పెంచాను. ఇరవై రెండేళ్ళవాడు. సముద్రానికి పోయే పడవ కడుతున్నాడు. వచ్చే చైత్రంలో బియ్యం వేసుకుని మీ కలకత్తాకే ప్రయాణం. ఇక్కడ పలకల సందుల్లో పూయడానికి మంచి గుగ్గిలం లేదు. ఆనకట్ట కట్టాక కాలవల్లో పడవలు ఈగల్లా పెరిగాయి. అందరికీ గుగ్గిలం కావాలి, అందుకని కొండ మీంచి వచ్చేదాంట్లో సగం మట్టే. వాడు తప్ప నాకెవరూ లేరు. ఆ పడవలోకి చుక్క నీరు రాకూడదు. నీ కీలు గుగ్గిలం కన్నా మేలైతే ఎలా తీస్తారో రాయి.

మిగతా సంగతులు రాయనక్కరలేదు.

అచ్చమ్మ

*

ఖిదిర్‌పూర్, కలకత్తా,
భాద్రపద మాసం.

గంగాభాగీరథీ సమానురాలైన అక్కగారికి సత్తియ్య నమస్కారాలు.

నీ ఉత్తరం మూడు రోజులు విప్పలేదు. ఎవరో పోయారని రాసి ఉంటారనుకున్నాను. నాకు ఇంకెందుకు రాస్తారు?

ఈ పట్నంలో వీధి దీపాలకి నూనె లేదు, వత్తి లేదు. బొగ్గుని మూసి కాలిస్తే వచ్చే ఆవిరి గొట్టాల్లో పోయి వెలుగుతుంది. ఆ ఆవిరి వెనకాల చిక్కటి నల్లటి జిగురు కారుతుంది. అదే బొగ్గుతారు. మొదట్లో గోతుల్లో పారబోసేవారు. మా షెడ్డులో దాన్ని సారా దించినట్టు దించుతాం. ఇనప బానలో పోసి, మూత బిగించి, కింద మంట. ముందు ఘాటైన పల్చటి నూనె వస్తుంది, తరవాత చిక్కటి నూనె, ఆఖరికి ఆకుపచ్చగా జారే నూనె. అడుగున మిగిలిందే కీలు.

మంట తొందరగా ఆపితే కీలు మెత్తగా ఉండి ఎండకి కారిపోతుంది. ఆలస్యంగా ఆపితే గాజులా పగులుతుంది. మధ్యలో సరైన గడియ ఒకటుంది. అది పట్టుకుంటాననే నన్ను ఉంచుకున్నారు. చల్లారిన ముక్కని పళ్ళ మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కు. పొడి అయితే గట్టిది, పంటికి అంటుకుంటే మెత్తది. నమిలితే మైనంలా అణగాలి. రెండు పీపాల తారు మాణిక్యాలరావు పడవలో వేయించాను.

మిగతా సంగతులు రాయొద్దన్నావు. ఒక్కటి రాస్తాను. ఆ రోజు బొమ్మలాటకి వేళయిందని నేను గుగ్గిలం కడాయిని ముందుగా దించకపోతే అంతర్వేది దగ్గర బావ పడవ విచ్చేది కాదు. నువ్వు అప్పుడు నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఊళ్ళోనే ఉండిపోయేవాణ్ణేమో.

ఇక్కడ నాకు పెళ్ళాం పిల్లలు లేరు. తెలుగు మాట వినాలంటే రేవులో మన పడవ రావాలి. రాని రోజుల్లో బానతో మాట్లాడతాను. బదులు చెప్పదు గానీ నీలా తప్పులు పట్టదు.

గంగాధరానికి బావ పోలికలున్నాయా?

సత్తియ్య

*

బోడసకుర్రు,
కార్తిక మాసం.

సత్తియ్యా,

నన్ను గంగతో సమానం చేయకు. ఆయన్ని తీసుకుపోయింది ఆవిడే. మా ఇద్దరికీ పడదు.

పీపాలు అందాయి. మూత తీయగానే రేవులో కుక్కలు కూడా అవతలి ఒడ్డుకి పోయాయి. మొదట బెల్లం పెనంలో కాచాను. నువ్వు మూత బిగించమని రాశావు. పెనానికి మూత ఉండదని నువ్వు రాయలేదు. పొంగి పొయ్యిలో పడి నా కనుబొమలు కాలాయి. ఈ వయసులో కనుబొమలెందుకులే అని ఊరుకున్నాను. పక్కింటి నూకాలమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఒసే అచ్చమ్మా, కాశీకెళ్ళే వయసులో ఇదేం కాపురవే!" అంది. కాశీలో నీలాంటి పక్కిల్లు దొరకదని చెప్పాను.

తరవాత సారా దించే బుల్లబ్బాయి రాగిబాన అడిగాను. "అందులో తారు కాస్తే మళ్ళీ నా సారా ఎవరు తాగుతారండి అప్పగారూ?" అని మొత్తుకున్నాడు. తాగేవాళ్ళకి రుచి తెలిస్తే నీ సారా ఇన్నాళ్ళు ఎలా తాగారురా అన్నాను. ఇచ్చాడు. మూతకి బంకమట్టి మెత్తి రెండోసారి కాచాం. కీలు వచ్చింది. గాజు. నా మిగిలిన నాలుగు పళ్ళలో ఒకటి దానితో పోయింది. మూడోసారి ముందుగా ఆపాం. నమిలితే అణిగింది. కానీ విరిచి చూస్తే లోపలంతా అట్టు మీద కన్నాల్లా సన్నటి చిల్లులు. పలకల సందులో పూసి నీళ్ళల్లో పెడితే పొద్దుటికి చెమ్మ దిగింది.

పద్ధతి ఏమీ తప్పలేదు. కీలు దించే ముందు గోదారి నీళ్ళు గంగమ్మ వంతుగా బానలో చిలకరించడం కూడా మానలేదు. విధవ చెయ్యి పనికిరాదు కనక నూకాలమ్మ చేత వేయించాను. మూరెడు పొంగింది. పొంగు ఎంత లేస్తే పడవకి అంత ఆయుష్షని అందరూ సంతోషించారు. మరి ఈ చిల్లులేమిటి?

బావ పోలికలని అడిగావు. ముక్కు ఆయనది. మొండితనం మన ఇంటిది.

అచ్చమ్మ

*

ఖిదిర్‌పూర్,
మార్గశిర మాసం.

అక్కా,

చిల్లులు నీళ్ళ వల్ల. తారులోనే కొంత నీరుంటుంది. పీపాని పది రోజులు ఎండలో కదపకుండా ఉంచు. తారు బరువు గనక నీరు పైకి తేలుతుంది. గరిటెతో తోడెయ్. బానలో పోశాక సన్న మంట మీద ఉంచు. చిటపటలు పూర్తిగా ఆగేదాకా మంట పెంచకు. తొందరపడ్డావా, మిగిలిన పళ్ళు కూడా ఇచ్చుకుంటావు. ఇసకా మసీ ఉంటే గోనెగుడ్డలో వడగట్టు. మరీ గట్టిపడితే పారేయకు. ఆఖర్న దిగిన ఆకుపచ్చ నూనె కొంచెం మళ్ళీ పోసి కలుపు, దారికి వస్తుంది.

ఇక గంగమ్మ వంతు. అది మానేయ్. తప్పు మాటంటే కళ్ళు పోతాయంటావు. కీలు పొడి పడి నా కళ్ళు ఇప్పటికే మండుతున్నాయి, కొత్తగా పోయేదేమీ లేదు. ఇక్కడ ఒకడు పొరపాటున వేడి కీలులో నీళ్ళు ఒలకబోశాడు. బాన అంచు దాకా పొంగింది. చల్లారాక పైకి నున్నగా, అద్దంలా ఉంది. విరిస్తే తేనెపట్టు. అలాంటిది కాలవలో పది రోజులు నిలుస్తుందేమో గానీ సముద్రపు కెరటానికి పూటలో రాలిపోతుంది. గుగ్గిలానికైనా ఇంతే. మనవాళ్ళు చిలకరించే నాలుగు చుక్కలూ ఆ వేడికే ఆవిరైపోతాయి గనక బతికిపోతున్నాం. ఎవరైనా చెంబెడు పోస్తే గంగమ్మ పడవనే వంతుగా పట్టుకుపోతుంది.

ఈసారి చిల్లులు రావు. కుదిరిందని రాయి. నీ ఉత్తరం వచ్చిన రోజున నేను అన్నం కాస్త ఎక్కువ తింటున్నాను.

సత్తియ్య

*

బోడసకుర్రు,
పుష్య మాసం.

సత్తియ్యా,

ఉత్తరం అందింది. ఇక్కడ మంచు ఎక్కువగా ఉంది. పీపాలు ఎండలో పెట్టించాను. గంగాధరం తెరచాప గుడ్డకి నరసాపురం వెళ్ళాడు.

అంతే.

అచ్చమ్మ

*

బోడసకుర్రు,
పుష్య మాసం, బహుళ పక్షం.

తమ్ముడూ,

పోయినసారి ఉత్తరం నాలుగు వాక్యాలు రాసి ఆపాను. అయిదో వాక్యం రాయడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఆ చెంబెడు నీళ్ళు పోసింది నేను.

నువ్వు కడాయి దించబోతున్నావు. నేను దోసిలితో వంతు చిలకరించాను. పొంగు సరిగ్గా లేవలేదు. మీ బావ మొదటిసారి సముద్రం మీదికి వెళ్తున్నారు. నాకు మనసు కుదురుకోలేదు. నువ్వు కడాయి దించి ఆటకి పరిగెత్తావు. చుట్టూ ఎవరూ లేరు. చెంబులో ఉన్నదంతా పోసేశాను. గుగ్గిలం అంచు దాకా లేచింది. దండం పెట్టుకున్నాను. చల్లారాక పైకి అద్దంలా ఉంది. నువ్వు రాసినట్టే.

ఎవరికీ చెప్పలేదు. తప్పని తెలిసి కాదు. మొగుడి మీద అంత ఆపేక్ష ఉందని తెలిస్తే నవ్వుతారని.

పడవ విచ్చిందని కబురొచ్చాక ఊరంతా నిన్ను అరుగు ముందు నిలబెట్టి అడిగారు. "ముందుగా దించేవా?" అంటే "దించేను" అన్నావు. నాకు అప్పుడు చెంబు గుర్తొచ్చింది. మంచికే కదా పోశాను, దానివల్ల చెడెలా జరుగుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడటం ఎవరూ ఎరగరు, నువ్వు కూడా. అది మూతపడిన ఒక్కరోజు ఊరు నీ ముఖాన ఉమ్మేసింది.

నిన్ను ఒక్క మాటా అనలేదని రాశావు. మంచితనం అనుకున్నావేమో. అది కాదు.

నువ్వు కడాయి కాస్త ముందుగానే దించావేమో, నాకు తెలీదు. అంతమాత్రానికి పడవ మునగదు. నేను రాసింది చదివాక నీకూ ఆ సంగతి తెలుస్తుంది.

క్షమించమని రాయడానికి పంతులుగారు ఏదో పద్ధతి నేర్పారు. అది ఇక్కడ చాలదు.

అక్క

*

ఖిదిర్‌పూర్,
మాఘ మాసం.

అచ్చమ్మగారికి,

ఇరవై తొమ్మిదేళ్ళు నా చేతిని నేను నమ్మలేదు. బాన దగ్గర నిలబడితే ఈ గడియా కాదు, ఈ గడియా కాదు అని చెయ్యి వణికేది. ఆ వణుకుని నా దొరలు జాగ్రత్త అనుకుని మెచ్చుకున్నారు. రెండు సంబంధాలు వస్తే, బావని ముంచినవాడికి పిల్లనివ్వడమేమిటని నేనే వద్దన్నాను. అమ్మ పోయినప్పుడు కోరంగి దాకా వచ్చాను. ఊళ్ళోకి రావడానికి మొహం లేక అదే పడవలో వెనక్కి వచ్చేశాను. అది నీకు తెలీదు.

నీకు చెంబు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నావు.

నాకింక రాయకు.

సత్తియ్య

*

బోడసకుర్రు,
ఫాల్గుణ మాసం.

సత్తియ్యా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో పడెయ్యి. మీ షెడ్డులో పొయ్యిలకి కరువు లేదుగా.

పదకొండు రోజులు ఎండబెట్టి నీరు తోడాను. చిటపటలు ఆగేదాకా బాన పక్కనే కూర్చున్నాను. గట్టిపడింది. ఆకుపచ్చ నూనె మూడు గరిటెలు కలిపాను. విరిస్తే లోపల చిల్లు లేదు. నీడలో ఒక ముక్క, మిట్టమధ్యాహ్నం పలక మీద ఒక ముక్క పెట్టి చూశాను. నీడది పగల్లేదు, ఎండది కారలేదు.

పడవకి కీలు పట్టించే రోజున రేవంతా వచ్చింది. సందుల్లో కొబ్బరిపీచు కూరి సిద్ధంగా ఉంచారు. బాన దించబోతుంటే నూకాలమ్మ పసుపు రాసిన చెంబు పట్టుకుని వచ్చింది. వద్దన్నాను.

"వంతు వెయ్యకపోతే ఎలాగే? నీ మనవడి పడవేగా!" అంది.

"నా మొగుడి పడవకి వేశాను. నాలుగు చుక్కలు కాదు, చెంబంతా," అన్నాను.

అక్కడితో ఆపలేదు. అందరి ముందూ మొత్తం చెప్పాను. కడాయి, పొంగు, అద్దంలాంటి పైభాగం, మూసుకున్న నోరు. అరుగు ముందు నిన్ను నిలబెట్టినవాళ్ళలో ముగ్గురే మిగిలారు. ముగ్గురూ నేల చూశారు. బుల్లబ్బాయి, "అయితే సత్తియ్యబాబుది తప్పు కాదాండీ? మా నాన్న చచ్చేదాకా ఆయన్ని తిట్టేడండీ!" అన్నాడు. గంగాధరం గరిటె తీసుకుని సందుల్లో కీలు పోయడం మొదలెట్టాడు. వాడు నాతో మాట్లాడి ఇవాళ్టికి ఆరు రోజులైంది. నూకాలమ్మ కూడా రావడం మానేసింది. ఇంట్లో నా మాట నాకే వినిపిస్తోంది. ఇరవై తొమ్మిదేళ్ళు నువ్వు బానతో ఎలా మాట్లాడావో ఆరు రోజుల్లో తెలిసింది.

నిన్ను రమ్మనడానికి ఇది రాయలేదు. ఊళ్ళో నీ మీద ఉన్న మచ్చ తీసేశానని తెలియడానికి రాశాను.

అచ్చమ్మ

*

ఖిదిర్‌పూర్,
ఫాల్గుణం ఆఖరు.

కీలు ఒక్క పూతతో వదలొద్దు. మొదటి పూత ఆరాక సందు మీద వేలితో నొక్కి చూసి, గుంట పడిన చోట రెండోది వేయాలి. ఎండ నేరుగా తగిలే పై పలకలకి కొంచెం గట్టిది, నీళ్ళల్లో ఉండే అడుగు పలకలకి కొంచెం మెత్తది. బయల్దేరిన మూడోరోజు అడుగు సందులన్నీ చేత్తో తడమాలి.

గంగాధరం రేవులో దిగి కీలు సత్తియ్య అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. వాణ్ణి చూడాలని ఉంది.

వాణ్ణొక్కణ్ణే పంపు.

*

దుర్మతి సంవత్సరం, చైత్ర మాసం.
ఊరి పేరు రాద్దామంటే ఇక్కడ ఊరు లేదు. ఒడ్డు కూడా లేదు.

తమ్ముడూ,

వాణ్ణొక్కణ్ణే పంపమన్నావు. చిన్నప్పటినుంచీ నీ మాట నేనెప్పుడు విన్నాను?

పడవ రేవు వదిలే ముందు మూటతో వెళ్ళి ఎక్కాను. ఒడ్డున ఒకటే గోల. "ఆడమనిషి కొత్త పడవ ఎక్కితే అరిష్టమండీ, దిగిపోండి అప్పగారూ!" అని బుల్లబ్బాయి నీళ్ళల్లోకి నడుం దాకా వచ్చేశాడు. నా అరిష్టం నేను ఒడ్డున ఉండగానే చేసిందిరా, ఇది ఎక్కినంత మాత్రాన కొత్తగా చేసేదేముంది అన్నాను. అందరూ గంగాధరం వంక చూశారు. వాడు నా చేతిలో మూట అందుకుని గోతాల పక్కన పెట్టాడు. అప్పటికి నెల రోజులై మాట్లాడనివాడు, "అమ్మమ్మా, అక్కడ కూర్చుంటే తెడ్డు తగులుతుంది, ఇటు రా," అన్నాడు. నాకు అంతే చాలు.

ఎందుకెక్కానో నీకు చెప్పాలి. సందుల పూతలో నా చెయ్యి పడిన పడవలో మనుషుల్ని పంపి నేను ఒడ్డున దండం పెట్టుకోవడం ఒకసారి చేశాను. ఈసారి పడవతోబాటు నేనూ ఉండాలనుకున్నాను. మునిగితే నాతోనే.

మూడోరోజు నువ్వు రాసినట్టే అడుగు సందులన్నీ తడిమాను. వాళ్ళు వద్దంటున్నా బియ్యం గోతాల మధ్య పాకి మరీ చూశాను. ఈ పూట ఏడోరోజు. నిన్న గాలి బాగా లేచింది. కెరటం పలకని కొట్టినప్పుడల్లా మీ బావ ఏం విని ఉంటారో విన్నాను. అది రాయను. అరిచెయ్యి సందు మీదే పెట్టుకుని కూర్చున్నాను. పొద్దుటికి చెయ్యి తీసి చూసుకున్నాను. పొడిగా ఉంది.

అప్పుడు ఏడ్చాను. కుర్రాళ్ళు నాకు సముద్రం పడలేదనుకుని నిమ్మకాయ ఇచ్చారు. చీకాను.

నీ కళ్ళు మండుతున్నాయని ఒకసారి రాశావు, నేను దాని మాటే ఎత్తలేదు. ఇప్పుడెలా ఉన్నాయి? ఈ అక్షరాలు పడవ ఊపుకి వంకరగా పోతున్నాయి. నీ కంటికి ఆనకపోతే గంగాధరం చదివి పెడతాడు. వాడికి చదువు నేనే చెప్పాను. పారిపోకుండా కాలికి తాడు కట్టి మరీ చెప్పాను.

ఈ ఉత్తరం వాడే తెచ్చి నీ చేతికిస్తాడు. ముందు వాణ్ణి చూడు, అన్నం పెట్టు. నువ్వు అడిగింది వాణ్ణే. నేను నీ వీధిలోకి రాను. రేవులోనే పడవలో కూర్చుని ఉంటాను. బియ్యం దించడానికి నాలుగు రోజులు పడుతుందిట. నాలుగు రోజులూ ఒడ్డు వైపే తిరిగి కూర్చుంటాను. నువ్వు రాకపోతే నిన్ను తప్పు పట్టను. వస్తే మాత్రం దూరంనుంచే కేకెయ్యి. ఇన్నేళ్ళలో మొహం ఎలా మారిందో ఏమో, గొంతైతే గుర్తుపడతాను.

అక్క